అమ్మను ఆశ్రమంలో చేర్చే ముందు: అక్కడ ఆమె ఎంతసేపు కాచుకోవాలో చూడండి

మీ ప్రశ్నను రెండుసార్లు చదివి, ఒక రాత్రి ఆగి ఈ జవాబు రాస్తున్నాను. మీరు రాసినదాన్ని బట్టి, పలమనేరు దగ్గరి పల్లెలో ఒంటరిగా ఉంటున్న మీ అమ్మగారికి 78 ఏళ్లు. చక్కెర జబ్బుకు రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటారు. ఆరు నెలల కిందట తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది, ఇప్పుడు వాకర్ పట్టుకొని నడుస్తున్నారు, ఈ మధ్య కొద్దిగా మతిమరుపు మొదలైంది. మీరూ మీ భార్యా బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడికి తీసుకువెళ్తే మూడో అంతస్తు ఇంట్లో పగలంతా తలుపులు వేసుకొని కూర్చోలేక రెండు నెలలకే ఆమె ఊరికి వచ్చేశారు. మీ అక్కగారు రేణిగుంటలో ఉన్నారు గనుక తిరుపతిలో మూడు ఆశ్రమాలు చూశారు. మొదటిదానిలో ఏసీ గదులు, లిఫ్టు, ఫోన్‌లో చూసుకునే కెమెరాలు ఉన్నాయి. రెండోది ఒక ట్రస్టు నడిపే పాత భవనం. అక్కడ వంటావిడ మీ అమ్మగారు సంగటి తింటారా అని అడిగింది. మూడోది అద్దె ఇంటిని మార్చి పెట్టినది, ఖర్చు తక్కువ. వీటిలో సంరక్షణ ఎక్కడ బాగుంటుందో ఎలా తెలుసుకోవాలి, అమ్మకు అక్కడ రోజు ఎలా గడుస్తుంది అన్నవి మీ ప్రశ్నలు. ఆశ్రమంలో చేర్చడం తప్పా అని చివర్లో అడిగినదానికి మాత్రం నేను జవాబు చెప్పను. అది మీరు, మీ అక్కగారు, అందరికంటే ముందు మీ అమ్మగారు కూర్చొని తేల్చుకోవలసిన విషయం.

నేను 31 ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, పదవీ విరమణ తరువాత తొమ్మిదేళ్లు తిరుపతి శివార్లలోని ఒక వృద్ధాశ్రమంలో పర్యవేక్షకురాలిగా ఉన్నాను. ఆశ్రమం చూడటానికి వచ్చే పిల్లలు సాధారణంగా ఉదయం పదకొండు గంటలకు వస్తారు. ఆ సమయానికి నేల తుడిచి ఉంటుంది, పెద్దవాళ్లకు స్నానాలు అయి ఉంటాయి, వంటింట్లోంచి తిరగమోత వాసన వస్తూ ఉంటుంది. ఆ గంటలో ఏ ఆశ్రమమైనా బాగానే కనిపిస్తుంది. మా చిత్తూరు వైపు ఎదురుచూడటాన్ని కాచుకోవడం అంటాము. ఇన్నేళ్లలో నాకు పనికివచ్చిన కొలత అదొక్కటే: అక్కడ ఉండే పెద్దవారు ఒక గ్లాసు నీళ్లకు, బాత్‌రూమ్‌కు వెళ్లడానికి, మాత్రకు, పక్క మార్చడానికి, ఒక మనిషి వచ్చి మాట్లాడటానికి ఎంతసేపు కాచుకోవలసి వస్తోంది? గది పెద్దదా, ఏసీ ఉందా అన్నవి దీని తరువాత చూసుకోవచ్చు.

మొదట బాత్‌రూమ్ సంగతి చెబుతాను, ఎందుకంటే ఆశ్రమాల్లో నేను చూసిన కష్టాలు చాలావరకు అక్కడినుంచే మొదలయ్యాయి. ఒకసారి బెల్లు కొట్టి ఇరవై నిమిషాలు కాచుకొని, చివరికి చీర తడుపుకొన్న మనిషి, రెండోరోజు నుంచి నీళ్లు తాగడం తగ్గిస్తారు. ఎవరితోనూ చెప్పరు, సిగ్గు. వయసు మీద పడినవారికి దాహం కూడా సరిగ్గా తెలియదు, పైగా మన తిరుపతి ఎండలు 40 డిగ్రీలు దాటే కాలంలో ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది. నీరు తగ్గితే మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, మలబద్ధకం వస్తుంది, లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చిన ముసలివారికి జ్వరం రాకపోవచ్చు, మంట అని కూడా చెప్పకపోవచ్చు. ఒక్కసారిగా మాట తడబడటం, మనుషులను పోల్చుకోలేకపోవడం, రాత్రంతా కేకలు వేయడం మాత్రం కనిపిస్తాయి. అప్పుడు చాలా చోట్ల "మతిమరుపు ముదిరింది" అని రాసి నిద్రమాత్ర వేస్తారు. మతిమరుపు నెలల మీద, ఏళ్ల మీద పెరిగే జబ్బు. రెండు రోజుల్లో మనిషి మారిపోయారంటే మరేదో కారణం ఉన్నట్టే, వెంటనే మూత్ర పరీక్ష, చక్కెర పరీక్ష చేయించాలి. మీ అమ్మగారికి ఇప్పటికే కొద్దిగా మరపు ఉంది గనుక ఈ ఒక్క మాటను చేర్చేటప్పుడే కాగితం మీద రాయించి వారి ఫైలులో పెట్టించండి.

ఇక పడిపోవడం గురించి. ఇందులో నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా ఆశ్రమంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉండేవారు. కార్తీకం వానలకు కిటికీలోంచి జల్లు కొడుతోందని ఆయన మంచాన్ని అవతలి గోడకు జరిపించాము. బెల్లు స్విచ్చి మాత్రం పాత గోడమీదే ఉండిపోయింది. నాలుగు రోజులు నేను ఆ గదిలోకి వెళ్తూ వస్తూనే ఉన్నాను, నా కంటికి అది ఆనలేదు. ఐదో రాత్రి మూడున్నరకు ఆయన చెయ్యి చాపారు, స్విచ్చి అందలేదు, పిలిచారు, ఎవరూ రాలేదు, ఒక్కరే లేచారు, బాత్‌రూమ్ గడప దగ్గర పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. రిజిస్టరులో "బాత్‌రూమ్‌లో జారి పడినారు" అని రాసింది నేనే. మంచం జరిపి బెల్లు జరపలేదు అని రాయవలసింది. తరువాత ఆయన మందుల కాగితం తీసి చూస్తే ఒంటి నీరు తీసే మాత్ర రాత్రి ఎనిమిదికి ఇస్తున్నారు. అది వేసుకుంటే కొన్ని గంటల పాటు మూత్రానికి లేవవలసిందే. డాక్టరు గారితో మాట్లాడి దాన్ని ఉదయానికి మార్పించిన తరువాత ఆయన రాత్రి ఒక్కసారికి మించి లేవలేదు.

అందుచేత మీరు వెళ్లినప్పుడు పడిపోయినవారి రిజిస్టరు చూపించమని అడగండి. పేర్లు కప్పి చూపించినా చాలు. "మా దగ్గర ఎవరూ పడరు" అని చెప్పే ఆశ్రమాన్ని నేను నమ్మను. ముప్పై మంది ముసలివాళ్లు ఉన్న చోట ఎవరో ఒకరు పడతారు. పడినప్పుడు ఎన్ని గంటలకు, ఎక్కడికి వెళ్తూ, అంతకుముందు ఏ మందు వేసుకొని, తరువాత ఏమి మార్చారు అన్నది రాసి ఉందా అన్నదే తేడా. బాత్‌రూమ్‌లోకి మీరే వెళ్లి చూడండి. పాత భవనాల్లో నీళ్లు గదిలోకి రాకుండా రెండు మూడు అంగుళాల గడప కడతారు, వాకర్‌తో నడిచేవారికి అదే గండం. కమోడ్ పక్కన గోడకు దిగ్గొట్టిన ఊచ ఉండాలి, దాన్ని పట్టుకొని మీ బరువంతా వేసి లాగి చూడండి. తుంటి ఆపరేషన్‌లో కీలు మార్చి ఉంటే మీ అమ్మగారు తక్కువ ఎత్తు పీటల మీద, నేల మీద కూర్చోకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు. కాబట్టి కమోడ్ ఎత్తు చాలకపోతే పైన పెట్టే ఎత్తు సీటు కొనివ్వండి. ఆపరేషన్ చేసిన డాక్టరు గారు ఏ పద్ధతి చేశారో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది.

రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారు అని అడిగితే మేనేజరు ఒక సంఖ్య చెబుతారు. ఆ సంఖ్యలో వాచ్‌మన్‌ను కూడా కలిపారేమో అడగండి. ఎంతమంది పెద్దవారిని ఇద్దరు పట్టి లేపవలసి వస్తుంది, రాత్రి ఆ రెండో మనిషి ఎవరు, నిద్రపోతూ ఉంటారా, మెలకువగా ఉంటారా అని అడగండి. తరువాత మేనేజరు పక్కన లేనప్పుడు ఒక ఆయమ్మను "నువ్వు ఇక్కడ ఎన్నేళ్లుగా ఉన్నావమ్మా, జీతం ఒకటో తేదీకి అందుతుందా" అని అడిగి చూడండి. ఆయమ్మలు మూడు నెలలకొకరు మారిపోయే చోట, ఏ అవ్వకు ఎడమ చెవి వినిపించదో, ఏ తాతకు మాత్ర పొడి చేసి ఇవ్వాలో ఎవరికీ గుర్తుండదు. పన్నెండేసి గంటలు నిలబడి పనిచేసే ఆ ఆడవాళ్లను నేను తప్పుపట్టడం లేదు, వాళ్లలో చాలామంది ఇంటి దగ్గర తమ అత్తమామలకు చేసి వచ్చి మళ్లీ ఇక్కడ ఇదే పని చేస్తారు.

ఇక్కడే ఇంకొక మాట. వచ్చినప్పుడల్లా ఆయమ్మ చేతిలో రెండొందలు పెట్టి "మా అమ్మను కొంచెం చూసుకో" అని చెప్పే పిల్లలు చాలామంది ఉన్నారు. మంచి మనసుతోనే ఇస్తారు. కానీ దానివల్ల జరిగేది ఏమిటంటే, పిల్లలు వచ్చే మంచానికి ఆయమ్మ ముందు వెళ్తుంది, ఎవరూ రాని మంచం కాచుకొని ఉంటుంది. మీరు రెండు నెలలు రాలేకపోతే మీ అమ్మగారు కూడా ఆ రెండో వరుసలోకి వెళ్తారు. ఇవ్వాలనిపిస్తే పండక్కి అందరికీ కలిపి ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇన్సులిన్ విషయంలో మీరు గట్టిగా ఉండాలి. చాలా ఆశ్రమాల్లో వంటవాళ్లు ఇంటికి వెళ్లాలి గనుక సాయంత్రం ఆరున్నరకే రాత్రి భోజనం పెట్టేస్తారు, ఉదయం టిఫిను ఎనిమిదిన్నరకు. అంటే పద్నాలుగు గంటలు కడుపు ఖాళీ. సాయంత్రం ఇన్సులిన్ వేసుకొని, సగమే తిని, పడుకున్న మనిషికి తెల్లవారుజామున చక్కెర పడిపోవచ్చు. చల్లటి చెమట, వణుకు, పొంతన లేని మాటలు దాని గుర్తులు; రాత్రి డ్యూటీ ఆయమ్మకు అవి తెలియకపోతే నిద్రలో కలవరింత అనుకుంటుంది. గ్లూకోమీటరులో 70 కంటే తక్కువ వస్తే, మింగగలిగే స్థితిలో ఉన్నవారికి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. తెలివి తప్పి ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మీరు చూసిన మూడు చోట్లా ఒకే ప్రశ్న అడగండి: "రాత్రి రెండు గంటలకు మా అమ్మకు చెమటలు పడితే చక్కెర పరీక్ష చేసేది ఎవరు, మిషను ఎక్కడ ఉంటుంది?" ఒకరు వెంటనే లేచి బీరువా తెరిచి చూపిస్తారు. ఇంకొకరు "పొద్దున సిస్టర్ వస్తుంది" అంటారు. పడుకునే ముందు తొమ్మిదింటికి ఒక గ్లాసు పాలో, రెండు బిస్కెట్లో ఇచ్చే ఏర్పాటు ఉంటుందా అని కూడా తేల్చుకోండి. ఇన్సులిన్ వేసి అన్నానికి ముప్పావు గంట కాచుకోబెట్టే అలవాటు ఎక్కడైనా కనిపిస్తే, ఆ చోటు మీ అమ్మగారికి పనికిరాదు.

భోజనం గురించి అందరూ రుచి చూస్తారు, మీరు కంచాలు తిరిగి వెళ్లేటప్పుడు చూడండి. ఎంత మిగిలింది, ఎవరి కంచంలో మిగిలింది అని ఎవరైనా గమనిస్తున్నారా? మా దగ్గర ఒక అవ్వ నెలన్నర పాటు పప్పన్నం పక్కకు తోసి మజ్జిగ మాత్రం తాగేది. వయసు కదా, ఆకలి తగ్గుతుంది అనుకున్నాము. నెల నెలా బరువు చూసే రోజు తక్కెడలో నాలుగు కిలోలు తగ్గింది. అప్పుడు నోరు తెరిపించి చూస్తే కింది కట్టుడు పళ్లు లేవు. కంచంలో తీసిపెట్టుకొంటే ఎవరో ఎంగిలితో పాటు పారబోశారు. అడిగితే తిడతారని ఆమె చెప్పలేదు. నెలలో బరువు 5 శాతం తగ్గినా, ఆరు నెలల్లో 10 శాతం తగ్గినా కారణం వెతకాలి. కాబట్టి ప్రతి నెలా బరువు రాస్తున్న పుస్తకం ఉందా అన్నది మెనూ కాగితం కంటే ముఖ్యం.

సంగటి సంగతి మీరు రాశారు గనుక చెబుతున్నాను. పలమనేరు మనిషికి ఉప్మా, ఇడ్లీ, సాంబారుతో రోజులు వెళ్లదీయమంటే అది శిక్ష. ఊరిబిండి, ఆకుకూర పులుసు, రాగి సంగటి వారానికి రెండుసార్లు దొరికినా మనసుకు నిమ్మళంగా ఉంటుంది, పైగా రాగి చక్కెర జబ్బువారికి కూడా పరిమితిలో తినదగినదే. కానీ మనం సంగటిని నమలము, ముద్ద చేసి మింగుతాము. మింగడంలో ఇబ్బంది మొదలైన ముసలివారికి ఆ ముద్దే ప్రమాదం. నీళ్లు తాగేటప్పుడు పదే పదే పొలమారడం, తిన్న తరువాత గొంతు తడిగా గరగరలాడటం గమనిస్తే సంగటి ఆపి, ఏది ఎంత చిక్కగా ఇవ్వాలో డాక్టరు గారికి చూపించి అడగడం మంచిది. పడుకోబెట్టి తినిపించకూడదు, నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలతో తినిపించి, తరువాత అరగంట కూర్చోనివ్వాలి. ఒక ఆయమ్మ నిలబడి ముగ్గురికి వరుసగా తినిపిస్తోందంటే తొందర పడుతుంది, అన్నం ఊపిరితిత్తుల్లోకి వెళ్లి నిమోనియా వచ్చేది ఆ తొందరలోనే.

పడక పుండ్ల గురించి క్లుప్తంగా చెబుతాను, మీ అమ్మగారు నడుస్తున్నారు గనుక. ఎప్పుడైనా జ్వరంతో నాలుగు రోజులు మంచాన పడితే రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, మడమలను గాలిలో ఉండేలా పిక్కల కింద దిండు పెట్టాలి. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు కనిపించకపోవచ్చు. నడుము కింద, మడమల దగ్గర కమిలినట్టు నల్లబడి, తాకితే వేడిగానో గట్టిగానో ఉంటే అదే మొదలు. గాలి పరుపు వేసినా పక్క మార్చే పని తప్పదు. డైపరు తడిసిన తరువాత మార్చకుండా వదిలేస్తే పుండు ఇంకా త్వరగా వస్తుంది. రోజుకు ఇన్ని డైపర్లే అని లెక్క కట్టి ఇచ్చే ఆశ్రమం ఉంటే, ఆ లెక్క దాటినప్పుడు ఏమి చేస్తారో అడగండి.

మతిమరుపు ఉన్నవారికి పొద్దు వాలే వేళ కష్టం. ఆ సమయంలో వారికి ఏదో భయం, ఎక్కడికో వెళ్లాలన్న ఆత్రం మొదలవుతుంది. మా దగ్గర పూతలపట్టు వైపు నుంచి వచ్చిన ఒకావిడ రోజూ ఐదు గంటలకు గేటు దగ్గరికి వెళ్లి ఊచలు పట్టుకొని, "పాలు పిండాల, కేంద్రానికి టైమైపోతాంది, ఇడవండమ్మా" అని ఏడ్చేది. నలభై ఏళ్లు రెండు పూటలా పాలకేంద్రానికి పాలు పోసిన మనిషి. మొదట్లో చెయ్యి పట్టుకొని లోపలికి లాక్కొచ్చేవారు, ఆమె కొట్టేది, మాత్ర వేసేవారు, మాత్ర మత్తుకు తూలేది. ఒక ఆయమ్మకు ఏమి తోచిందో, ఒకరోజు నాలుగున్నరకే చేటలో శేరు చెనక్కాయలు పోసి "అవ్వా, ఇవి ఒలిచి ఇయ్యి, రేపటికి బిండి రుబ్బాల" అని ముందు పెట్టింది. ఆ అవ్వ ఆరు దాకా ఒలిచింది. ఆ తరువాత అది రోజూ జరిగింది. కొన్ని రోజులు అయినా గేటు దగ్గరికి వెళ్లేది. అప్పుడు ఆయమ్మ తనూ పక్కన నిలబడి ఎన్ని బర్రెలు ఉండేవి, ఏది ఎక్కువ పాలు ఇచ్చేది అని అడిగేది. మాత్రను డాక్టరు గారు సగానికి, తరువాత పూర్తిగా తగ్గించారు. సాయంత్రం మీరు వెళ్లినప్పుడు ఎవరినైనా చీరతోనో చున్నీతోనో కుర్చీకి కట్టి ఉండటం చూస్తే, "పడిపోకుండా కట్టాము" అన్న సమాధానం విని ఊరుకోకండి. కట్టినవారు లేవాలని గుంజుకొని ఇంకా ఘోరంగా పడతారు. సాయంత్రం ఆరింటికే హాలులో అందరూ తలలు వాల్చి నిద్రపోతుంటే, ఎంతమందికి నిద్రమాత్రలు ఉన్నాయి, ఎవరు రాశారు అని అడగడానికి మీకు హక్కు ఉంది.

రోజు ఎలా గడుస్తుంది అన్నారు. తిరుపతి ఆశ్రమాల్లో తెల్లవారుజామున టీవీలో సుప్రభాతం పెట్టి నాలుగున్నరకే అందరినీ లేపి స్నానాలు చేయిస్తారు. చూసినవారికి భక్తిగా అనిపిస్తుంది. లోపలివారిగా నాకు తెలిసిన కారణం వేరు: ఏడింటికి డ్యూటీ మారుతుంది, ఆలోపు రాత్రివాళ్లు స్నానాలు ముగించి అప్పగించాలి. జీవితమంతా బ్రాహ్మీ ముహూర్తంలో లేచినవారికి అది హాయి. రాత్రి నొప్పులతో రెండింటికి కన్ను మూసినవారికి, వేరే మతంవారికి, చన్నీళ్లకు భయపడేవారికి కాదు. మీ అమ్మగారు ఎన్నింటికి లేస్తారు, స్నానం ఏ పూట చేస్తారు, కాఫీ ముందా మొహం కడుక్కోవడం ముందా అన్నవి రాసి ఇవ్వండి, దాన్ని పాటిస్తారో లేదో రెండో వారంలో మీ అక్కగారిని ఉదయం ఏడింటికి వెళ్లి చూడమనండి. చీరల అంచు లోపల పేరు కుట్టించండి, లేకపోతే చాకలి మూటలో కలిసిపోయి వేరొకరి చీర కట్టబెడతారు. కొందరికి అది చిన్న విషయం, కొందరు ఆ రోజంతా గదిలోంచి బయటికి రారు. ఆమెను ఏమని పిలవాలో కూడా చెప్పండి. అందరినీ కలిపి "మామ్మా" అనే చోట మా వైపు వాళ్లు తమను కాదన్నట్టు చూస్తారు. మాకు అవ్వ, లేకపోతే ఊరిలో పిలిచే పేరు.

ఆసుపత్రి విషయంలో తిరుపతి మేలు. రుయా, స్విమ్స్, ఎముకలకు బర్డ్ దగ్గరే ఉన్నాయి. అయినా రాత్రి వాహనం ఎవరిది, తోడు ఎవరు వెళ్తారు, మీకు ఫోను చేసేది తీసుకువెళ్లే ముందా తరువాతా అన్నది ముందే రాయించుకోండి. 70 ఏళ్లు దాటినవారందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్య రక్షణను ఆయుష్మాన్ భారత్ కింద 2024 అక్టోబరులో మొదలుపెట్టారు. ఆధార్‌తో ఆ వయ వందన కార్డు తీయించి ఒక నకలు ఆశ్రమంలో ఉంచండి. నెలసరి రుసుములో డైపర్లు, ఫిజియోథెరపీ, డాక్టరు రాక కలిసి ఉన్నాయా, ఆసుపత్రిలో ఉన్న రోజులకు కూడా కట్టాలా, ఖాళీ చేస్తే డిపాజిట్ ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నవి ఒప్పందంలో ఉండాలి. పొలం, ఇల్లు, బ్యాంకు ఖాతాల మీద ఏ కాగితమూ ఆశ్రమం పేరిట రాయించకండి. ఎక్కడైనా దౌర్జన్యం, నిర్లక్ష్యం జరిగితే ఎల్డర్‌లైన్ 14567కు ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు ఫోను చేయవచ్చు.

ఫిర్యాదు చేస్తే అమ్మ మీద కక్ష తీర్చుకుంటారేమో అని పిల్లలు నోరు మూసుకొంటారు. ఆ భయం అర్థం లేనిది కాదు. నా అనుభవంలో అరవడం కంటే, జరిగినదాన్ని తేదీ, గంటతో రాసి మేనేజరుకు ఇచ్చి, వారం తరువాత ఏమి మార్చారని అడగడం బాగా పనిచేస్తుంది. మంచి పని చూసినప్పుడు కూడా అదే పుస్తకంలో ఆయమ్మ పేరుతో రాయండి.

మొదటి ఆరు వారాలు మీ అమ్మగారు ఇంటికి తీసుకుపొమ్మని ఏడుస్తారు, సిద్ధంగా ఉండండి. "పది రోజులే అమ్మా" అని అబద్ధం చెప్పి వదిలి వెళ్లకండి. మరపు ఉన్నా, మోసపోయామన్న బాధ మనసులో ఉండిపోతుంది, తరువాత మీరు చెప్పే ఏ మాటా నమ్మరు. ముందే ఒక పూట తీసుకువెళ్లి భోజనం చేయించి రండి. ఆమె చెంబు, దుప్పటి, నాన్నగారి ఫోటో వెంట పంపండి. ఫోను రోజూ ఒకే వేళకు చేయండి, అప్పుడు ఆమె ఆ గంటకు మాత్రమే కాచుకుంటారు. వేళ లేకుండా చేస్తే రోజంతా కాచుకుంటారు.

మూడింటిలో ఏది అని మీరు అడిగారు, చూడకుండా తీర్పు చెప్పలేను. మొదటి ఆశ్రమంలో కెమెరా మీకు బెంగళూరులో మంచం చూపిస్తుంది, ఆ మంచం దగ్గరికి రాత్రి ఎవరు వస్తారో మీరు అడిగినట్టు లేదు, అడగండి. మూడోది ఖర్చు తక్కువని వదిలేయకండి, ఎక్కువని మొదటిదాన్ని నమ్మకండి, కానీ అద్దె ఇంట్లో రాత్రికి ఒక్కరే ఉంటారని తేలితే ఇన్సులిన్ వేసుకొనే మనిషిని అక్కడ ఉంచకూడదు. నేనైతే రెండోదానికి మళ్లీ ఒకసారి, ఈసారి ముందు చెప్పకుండా, సాయంత్రం ఆరున్నరకు వెళ్తాను. వరండాలో కూర్చొని, ఎవరైనా బెల్లు కొట్టినప్పుడు గడియారం చూసుకొంటాను. ఐదారు నిమిషాల్లో ఎవరో ఒకరు వచ్చి కనీసం "వస్తా ఉండవ్వా" అని చెప్పి వెళ్తే, బాత్‌రూమ్ గడప కొట్టించి చదును చేయడానికి, తొమ్మిదింటికి పాలు ఇవ్వడానికి ఒప్పుకొంటే, ముందు ఒక నెలకు చేర్చండి. గడప పని పూర్తయిన తరువాతే ఆమెను తీసుకురండి, వచ్చిన తరువాత చేయిస్తామంటే ఒప్పుకోకండి.